వియ్యాలవారి ద్రాక్షతోట

మన వాడుకలో ద్రాక్షపండ్లను పిండిన రసమునకును, ఆ రసము పులిసి మత్తెక్కిన పిమ్మట దానికిని ఒకటే పేరు చాలుచున్నది. ద్రాక్షారసమనగానే ఒకరికి పసిబిడ్డ త్రాగు తీపినీరు తలపునకు వచ్చును. మఱియొకరికి మద్యము తలపునకు వచ్చును. ద్రాక్షసారాయి అని వ్రాయువారును కలరు. ఆ పేరు వినినంతనే మా నెల్లూరు జిల్లా ఆడువారు మొగము త్రిప్పుకొందురు. అందులకు గల కారణమును ముందు చెప్పెదను. వైద్యులిచ్చు ద్రాక్షారిష్టములో సైతము, పులియుటవలన దానంతట అదియే పుట్టిన మత్తుపదార్థము కొంచెము ఉన్నదని చెప్పినచో మా మేనత్త తుదివఱకు నమ్మలేదు. కావున పేరు గొడవ లేకుండ, పులిసినదానిని వైను అనియు, పులియనిదానిని రసము అనియు ఈ వ్యాసమున వ్రాసెదను.

నేను వ్రాయబూనిన వైను జర్మనీదేశపు దక్షిణభాగమున, నెక్కార్ నదీలోయలో పుట్టునది. దాని పేరు ట్రొల్లింగరు. ఎఱ్ఱవైనులలో ఇంత పలుచనిది, ఇంత లేతరంగుది అరుదు. గాజుపాత్రలో పోసి వెనుక వ్రేలు పెట్టినచో వ్రేలు కనబడును. ఇటుకరంగునకును దానిమ్మగింజ రంగునకును నడుమ నుండును. నేను దానిని త్రాగను. త్రాగనిదానిని గూర్చి వ్రాయుట యేల యని చదువరులు అడుగవచ్చును. నా కుమార్తె మెట్టినయిల్లు ఆ ద్రాక్షతోటను నమ్ముకొన్న యిల్లు. ఆ తోటలో పండ్లు కోసితిని. ఆ వంటయింట వండి వడ్డించితిని. వియ్యపురాలితో, నా కుమార్తె నడుమ ద్విభాషిగా నుండగా, అర్ధరాత్రి దాక మాటలాడితిని. వంట తెలిసినవారికి విస్తరిప్రక్క పాత్రలో నున్నది నోట పోసికొనకయే కొంత తెలియును. మిగిలినది త్రాగువారి మొగములు చెప్పును.

ఈ ద్రాక్షకు ఊరికొక పేరు కలదు. ఆల్ప్సు పర్వతములకు దక్షిణపు టంచున నున్న తిరోలు సీమలో జర్మనుభాషవారు దీనిని ఫెర్నాచ్ అందురు. ఇటలీభాషవారు స్కియావా అందురు. తిరోలునుండి వచ్చినది గనుక తిరోలింగరు అని పిలువగా పిలువగా ట్రొల్లింగరు అయినదని పెద్దల మాట. ఇంగ్లండులో దీనికి బ్లాక్ హాంబర్గు అని పేరు. లండనునకు చేరువ హాంప్టన్ కోర్టు రాజభవనమున 1768లో నాటిన యొక తీగ నేటికిని గాజుటింటిలో కాయుచున్నది. అది యీ జాతిదే. దాని పండ్లను వైనునకు గాక తినుటకే అమ్ముదురు. తిరోలులో దీనిని పందిళ్లమీద ప్రాకించు అలవాటు. హైదరాబాదు చుట్టుపట్ల అనాబ్-ఎ-షాహి ద్రాక్షను పందిళ్లకు ప్రాకించిన తోటలను ఎఱిగినవారికి ఆ చిత్రమును చూచినచో పుట్టినయింటి పెరడు చూచినట్లుండును. నెక్కార్ ఒడ్డున మాత్రము గుంజలు పాతి, ఇనుపతీగెలు లాగి, వాటికి నిలువుగా కట్టి పెంచుదురు.

మా వియ్యాలవారి తోట నదికి ఎగువ కొండచఱియమీద మెట్లుమెట్లుగా నున్నది. సున్నపురాళ్లను, నడుమ అడుసైనను లేకుండ, ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన గోడలు. గోడకును గోడకును నడుమ నాలుగైదు వరుసల తీగలు. పైకి పోవుటకు మోకాలెత్తు రాతిమెట్లు. ట్రొల్లింగరు ఆలస్యముగా పండు జాతి. అక్టోబరునెల నడిమికి వచ్చినగాని కోతకు రాదు. అంతదాక వెచ్చదనము చాలవలెనన్నచో దక్షిణమునకు మొగమైన నిటారుచఱియయే కావలెను. పగటియెండను ఆ రాతిగోడలు పీల్చుకొని, రాత్రి తీగలకు విడిచిపెట్టును. ఇట్టిచోటికి ట్రాక్టరు రాదు. కత్తిరింపు, త్రవ్వకము, కట్టుట, కోత, అన్నియు చేతిపనియే. చదునునేల తోటకంటె ఎన్నోరెట్లు గంటలు పట్టును. వానకు గోడ జాఱినచో రాళ్లు మరల పేర్చవలెను. ఆ విద్య వచ్చినవారు తగ్గిపోవుచున్నారు. సీసా వెల మాత్రము ఆ కష్టమును బట్టి పెరుగదు. జర్మనీలో ట్రొల్లింగరు ఇంచుమించు అంతయు వ్యుర్టెంబెర్గ్ అను నీ యొక్క సీమలోనే పండును; పండినదానిలో పెద్దభాగమును ఆ సీమవారే త్రాగుదురు. పడుచువారు ముదురురంగు వైనులను కోరుచుండుటచే ఈ తోటల విస్తీర్ణము ఏటేట తగ్గుచున్నది. వియ్యంకునకు డెబ్బదియేండ్లు దాటినవి. అల్లుడు మోటారుబండ్ల యంత్రములు చేయుచోట ఇంజనీరు. ఈ తోట ఇక నెవరు చేయవలెనన్న ప్రశ్న ఆ యింట ప్రతిదినము భోజనపు బల్లవద్దకు వచ్చి కూర్చుండును.

రంగు మాట చెప్పవలెను. ఎఱ్ఱద్రాక్షలలో కండ తెల్లనిదే. రంగును వగరును తొక్కనుండి వచ్చును. ట్రొల్లింగరు పండు పెద్దది. పండు పెద్దదైనకొలది రసముతో పోల్చినచో తొక్క తక్కువ. అందుచేతనే రంగు లేత, వగరు స్వల్పము. నలిపిన పండ్లను కొంతసేపు వేడిచేసి రంగు దింపి, పిమ్మట పులియబెట్టు పద్ధతి ఆ సీమ సహకారసంఘములలో కలదు. మా వియ్యంకుడు పంటలో పెద్దభాగమును సంఘమునకు పోసి, మిగిలినదానిని ఇంటి నేలమాళిగలో తొక్కలతోనే పులియబెట్టుదురు. కోతకు ముందు ఒక చుక్క రసమును చిన్నగొట్టమువంటి పరికరముపై వేసి, కంటికి ఆనించి, తీపి ఎంతయో అంకె చెప్పుదురు. ఆ కొలతకు ఎక్స్‌లె అని పేరు; ఫోర్ట్స్‌హైం పట్టణమున నుండిన ఫెర్డినాండ్ ఎక్స్‌లె (1774–1852) దానికి కర్త. లీటరు రసము లీటరు నీటికంటె ఎన్ని గ్రాములు ఎక్కువ తూగునో అన్ని ఎక్స్‌లెలు. తీగపాకము, ఉండపాకము అని రెండు వ్రేళ్లనడుమ పట్టి చెప్పు విద్య మనది. నేనును ఆ రసమును వ్రేళ్లనడుమ పట్టి "ఇంకను రెండుదినములు" అంటిని. వియ్యంకుడు తమ గొట్టములో చూచి అదే మాట చెప్పిరి. ఆనాటినుండి నాకు ఆ తోటలో కొంచెము పలుకుబడి కలిగినది.

ఇక మా జిల్లా సంగతి. మా అక్కను కావలి ప్రాంతపు పల్లె కిచ్చిరి. బావ మంచి సేద్యగాడు. సాయంకాలము పొలమునుండి వచ్చుదారిలో సారాయిదుకాణము. మొదట కూలిడబ్బులు పోయినవి. పిమ్మట రెండు గేదెలు పోయినవి. పిమ్మట అక్క చేతిగాజులు. 1988లో బావ పోయెను. అప్పటికి నలుబదియొక్క యేండ్లు. అక్క చదువుకొనలేదు. అక్షరాస్యతోద్యమములో రాత్రిబడి పెట్టినప్పుడు వెళ్ళి పేరు వ్రాయ నేర్చెను. ఆ బడులలోనే ఆడువారు ఒకరికొకరు తమ యిండ్ల సంగతులు చెప్పుకొనిరి. 1992లో దూబగుంటలో రోశమ్మ మొదలగువారు తమ యూర సారాయి అమ్మరాదని నిలిచిరి. ఆ నిప్పు జిల్లా అంతట ప్రాకెను. మా అక్కయు చీపురు చేతబట్టి దుకాణము ముందు కూర్చుండెను. 1993లో రాష్ట్రమంతట సారాయి నిషేధమయ్యెను; 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను; 1997లో అది సడలిపోయెను. చట్టము వచ్చుటయు పోవుటయు అటుంచుడు. ఆ వీథిలో చీపురుతో కూర్చున్నవారిని వారి బిడ్డలు మఱవలేదు.

కావున నా కుమార్తె స్టుట్‌గార్ట్ నగరమున ఉద్యోగము చేయుచు, తాను వరించినవాని తండ్రి వైను చేయువాడని వ్రాసినప్పుడు, మా యింట దేశము, భాష, మతము అను మాటలు వెనుకకు పోయి ఈ యొక్క మాటయే ముందు నిలిచెను. అక్క నన్ను పిలిచి ఒక్కటే చెప్పెను: "నీవు వెళ్ళి చూడు. ఆ యింటి మగవారు త్రాగి చేయిచేసికొందురేమో అడుగు. సిగ్గుపడకుము."

2018 శరత్కాలమున నేనును మా వారును వెళ్ళితిమి. మొదటినాటి భోజనమువేళ వియ్యంకుడు సీసా తెచ్చి, అందఱి పాత్రలలో పోయుచు నా వద్దకు వచ్చిరి. నేను అఱచేతిని పాత్రపై మూసితిని. "అన్నయ్యగారూ, మాకు ఇది పోయవలదు. ఏల యనగా" అని బావ సంగతి, అక్క సంగతి, ఆమె యడుగుమన్న ప్రశ్న, ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. నా కుమార్తె ఒక్క మాట విడువక తర్జుమా చేసెను. సంబంధము కలుపుకొను బల్లవద్ద చావుమాట తగునా యని మా వారు తెలుగున మందలించిరి. కొంతసేపు ఎవరును మాటలాడలేదు.

అప్పుడు వియ్యపురాలు లేచి, తన పైదుస్తుల జేబులోనుండి పెద్ద తాళముచెవి తీసి నా యెదుట పెట్టెను. అది నేలమాళిగ తాళముచెవి. వారి మామగారు తాను చేసినదానిని తానే త్రాగ మొదలిడిరట. వాకిట చెట్టునకు కట్టిన గుఱ్ఱమును కొట్టుట అయి, పిమ్మట ఇంటివారిని కొట్టుటకు వచ్చినదట. ఆ యేట అత్తగారు నేలమాళిగకు తాళము మార్పించి, చెవి తన వద్ద నుంచుకొనిరట. ముసలితనమున కోడలి చేతిలో పెట్టిరట. నాటినుండి ఆ యింట పనిదినములలో బల్లమీదికి ఎంత రావలెనో ఆడువారు నిర్ణయింతురు. మగవారు అడిగి తెచ్చుకొందురు. వియ్యంకుడు ఎదురుగా కూర్చుండి తల యూపుచుండిరి. ఆమె క్రిందికి దిగి, పులియనీయక కాచి మూసిన రసపుసీసా నా కొఱకు తెచ్చెను. అదే తోట, అదే పండు. లేత పుల్లదనము, నేరేడుపండు వాసన వంటి వాసన, గొంతు దిగిన పిమ్మట నాలుకపై ఏమియు మిగులదు. ఆ రాత్రి అక్కకు ఫోనులో ఈ సంగతి చెప్పగా, "చెవి ఆడుదాని చేత నున్నదా? అయినచో పిల్లను ఇయ్యి" అనెను.

ఆ వైను ప్రక్కన వారు తినునవి చెప్పెదను. ఇది విందులకు, రాజభోజనములకు పుట్టిన వైను కాదు, ఇంటివంటకు పుట్టినది. పావులీటరు పట్టు పిడిగల గాజుపాత్రలో పోయుదురు. ఆ పాత్రను ఫీర్టెలె అందురు. పావు అని అర్థము. చప్పరించుచు గంటసేపు కూర్చుండువానికి ఆ సీమ మాండలికమున వేఱొక ముద్దుపేరు సైతము కలదు. ముదురువైనువలె వెచ్చగా గాక, పండ్రెండు మొదలు పదునాలుగు డిగ్రీల చల్లదనమున త్రాగుదురు. కుండనీటి చల్లదనముకంటె ఇంకను చల్లన అనుకొనుడు.

సాయంకాలపు చిరుతిండికి ఫెస్పర్ అని పేరు: నల్లరొట్టె, వెన్న, పొగపట్టిన మాంసపుముక్కలు, జున్ను, ముల్లంగి, ఉప్పుకల్లు అద్దిన బ్రేట్సెలు. నూనెయు ఉప్పును గల ఆ తిండి నాలుకకు పట్టించిన జిడ్డును వైనులోని పులుపు కడిగివేయును. వగరు లేకపోవుటచే ఉప్పుతో కలహింపదు. ముదురువైను పోసినచో ముల్లంగి కాడ చేదెక్కునని వియ్యపురాలు చెప్పును.

ఆ సీమకు ప్రాణము వంటి వంటకము చిరుపప్పు, ష్పెట్స్లె. చిరుపప్పనగా మన యెఱ్ఱ మైసూరుపప్పునే పొట్టుతో, బద్దచేయక, గింజలుగా నుడికించునది. వేయించిన ఉల్లిపాయ, కొంచెము వేచిన పిండి, ఒక బిరియానీ ఆకు, దింపుటకు ముందు ద్రాక్షకాడి. మనము చింతపండు పిసికి పోయుచోట వారు కాడి పోయుదురు, అంతియే భేదము. ష్పెట్స్లె అనునది గోధుమపిండి, గుడ్లు కలిపిన జారుముద్దను చెక్కపలకపై పఱచి, కత్తితో సన్నసన్నగా మఱుగునీటిలోనికి గీకినది. మా వియ్యపురాలు గీకుచుండగా చూచినచో చేయి కనబడదు. నేను పలక పట్టుకొనగా నాది ష్పెట్స్లె గాక పునుగులైనవని అల్లుడు నవ్వెను. పునుగులనియే పేరుపెట్టి తినిపించితిని. పప్పులోని మట్టివాసన, కాడి పులుపు, ప్రక్కనున్న సన్న మాంసపుగొట్టముల ఉప్పు, ఈ మూడింటికిని ఈ పలుచని వైను కుదిరినట్లు మఱియొకటి కుదురదని ఆ యింటివారందఱి యేకవాక్యము.

ఆ పప్పునకు ఒక కథ కలదు. స్వాబియా మెట్టభూములలో పూర్వము చిరుపప్పు పండించెడివారు, లాభము లేక మానివేసిరి, పాతవిత్తనములు మాయమైనవి. మరల పండింపబూనినవారు వెదకి వెదకి, 2006లో రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గు నగరమున వావిలోవ్ విత్తనభాండారములో తమ యూరి పాతవిత్తనమును కనుగొనిరి. గుప్పెడు గింజలు తెచ్చి విత్తి, నేడు అంగళ్లలో అమ్మునంత పండించుచున్నారు. విత్తనపుకుండకు బూడిదపట్టించి దాచు మన యిల్లాండ్రకు ఆ సంతోషము వివరింప నక్కఱలేదు.

మౌల్టాషెన్ అని మఱియొకటి. మన కజ్జికాయను ఉప్పుది చేసి, వేయింపక, ఉడికించినట్లు తలచుడు. పిండిరేకు నడుమ పాలకూరవంటి ఆకు, తఱిగిన మాంసము, నానిన రొట్టె, ఉల్లి, జాజికాయ. మాంసము మానవలసిన ఉపవాసదినములలో మౌల్‌బ్రోన్ మఠపు సన్న్యాసులు దేవుని కంట పడకుండ పిండిలో మూసి తినిరని వేడుకకథ. అందుచేత దేవుని మోసపుచ్చు చిన్నవి అని దానికొక వెక్కిరింతపేరు. 2009లో ఐరోపాసంఘము ఆ పేరునకు ఆ సీమవారికే హక్కిచ్చినది. చారులో వేసి మొదటినాడును, ముక్కలు కోసి గుడ్డుతో వేచి రెండవనాడును తిందురు. రెండవనాటిదియే వైనునకు మేలు. చారునందు నీరు, పాత్రయందు నీరువంటి వైను. రెండును పలుచనివగుటచే ఒకదానిరుచి నొకటి పోగొట్టునని నా తీర్పు. వియ్యంకుడు ఒప్పుకొనరు.

2023 అక్టోబరులో కోతకు మరల వెళ్ళినప్పుడు ఒక యాదివారము వంట నాచేతి కిచ్చిరి. కోతకు వచ్చిన చుట్టములతో తొమ్మండుగురము. ఏది ఆ వైనుతో పొసగునో చూతమని వియ్యంకుడు పంతము పట్టిరి. మా నెల్లూరు చేపలపులుసు మామిడిముక్కతో పెట్టితిని. అది తిని, ఒక గ్రుక్క త్రాగి, పాత్రను వెలుతురున కెత్తి చూచి, "ఎవరైన నీరు పోసిరా?" అనిరి. చింతపండు పులుపు ముందు ఆ వైను పులుపు నిలువలేదు. తిండి పులుపు మించినచో వైను చప్పనగునని వారి నాడుల లెక్క. గోంగూరమాంసమును అట్లే ఓడించెను. కారపుదోసె విషయము వేఱు. మిరపకారము మీద మత్తుపానీయము పోసినచో మంట హెచ్చును. బలమైన వైనులతో ఇంకను హెచ్చును. దీనిలో బలము తక్కువగుటచే కొంత ఓర్చిరి గాని, తుదకు చెవులు ఎఱ్ఱబడి పెరుగుగిన్నె అడిగిరి.

పొసగినవి మూడు. మిరపకాయ వేయక, మిరియములు దంచి వేసి, ఉల్లి ఎఱ్ఱగా వేచిన కోడివేపుడు ఒకటి. పచ్చిసెనగపప్పును పలుకుగా నుడికించి ఉల్లిపాయతో చేసిన కూర రెండవది. మూడవదానిని నేనును ఊహింపలేదు: దిబ్బరొట్టె. మందపు మూకుడులో నూనె ధారాళముగా పోసి, మినపపిండి రవ్వ వేసి, మూతపెట్టి, అడుగు కమ్మగా ఎఱ్ఱబడుదాక సన్నసెగమీద ఉంచినది. పైన వెన్న. ఆ మాడీమాడని అంచును కొఱికి, చల్లని ట్రొల్లింగరు త్రాగి, వియ్యంకుడు మాటలాడక రెండవముక్కకు చేయిచాచిరి. వారి యూర శరత్కాలమున ఉల్లిపాయలు, మీగడ, జీలకఱ్ఱను పోలిన గింజలు వేసి కాల్చు ఉల్లిరొట్టె కలదు. దానికి ఇది అక్క అనిరి. నేను రసము త్రాగుచు తింటిని. రసముతో మాత్రము దిబ్బరొట్టెకంటె కోడివేపుడే బాగున్నది. తీపికి మిరియము తోడు.

ఆ కోతనాటికి నా కుమార్తెకు నాలుగవనెల. నెలలు నిండుచున్న పిల్ల వైనుచేయు యింట నుండుట నాకు ఎట్లుండెనో తల్లులకు చెప్పనేల? ఆమె త్రాగదు, పెండ్లికి పిమ్మట పండుగలలో ఒక గ్రుక్క రుచిచూచెడిది, గర్భము నిలిచినదని తెలిసిననాడే అదియు మానెను. అయినను చుట్టుప్రక్కలవారి మర్యాద యొకటి యుండును గదా.

ఆ సీమలో తోటలవారు తమ యింటనే కొన్నివారములు వైను అమ్ముకొనవచ్చును. వాకిట చీపురుకట్ట వ్రేలాడగట్టినచో తెఱచియున్నదని గుఱుతు. ఏడాదికి నాలుగు నెలలు మించరాదు, నలుబది పీటలు మించరాదు, వంటకములు సులువైనవై యుండవలెను. మా అక్క చీపురు పట్టుకొని దుకాణము మూయించినది. ఇచ్చట చీపురు కట్టి దుకాణము తెఱచుదురు! అట్టి యొక యింటికి కోత ముగిసిననాడు వెళ్ళితిమి. ఒకే బల్లకు అన్యులును ఇరుకుకొని కూర్చుండుట అచ్చటి వాడుక. ప్రక్కనున్న పెద్దాయన నా కుమార్తె ముందు రసము చూచి, నవ్వుచు, "ఇంత పలుచని ట్రొల్లింగరు ఒక్క చిన్నపాత్ర బిడ్డకేమి చేయును? మా తల్లి త్రాగియే నన్ను కన్నది" అని తన సీసా వంచబోయెను. నా కుమార్తె వలదని చేయి యడ్డము పెట్టెను. ఆయన వేళాకోళము మానలేదు. నేను లేవబోవునంతలో వియ్యపురాలు ఆయన సీసాను మెడపట్టి తీసి, బల్ల ఆవలి కొసన పెట్టి, ఆ సీమ మాండలికమున ఏమో అనెను. బల్లంతయు నిశ్శబ్దమయ్యెను. తర్జుమా చేయుమనగా నా కుమార్తె ఇంటికి వచ్చిన పిమ్మట చెప్పెను: "నలుబదియేండ్లుగా దీనిని చేయుచున్నాను, దీనిలో నేమున్నదో నీకంటె నాకు తెలియును. పలుచనిదైన నేమి, మత్తు మత్తే. నా మనుమనికి చుక్క పోయనీయను."

ఆమె చెప్పినది వైద్యశాస్త్రమునకు సరిపోవును. ట్రొల్లింగరు పలుచనిదను మాట రంగునకును వగరునకును చెల్లును. మత్తుపదార్థము నూటికి పదునొకటి, పండ్రెండు పాళ్లు ఉండనే యున్నది. తల్లి త్రాగినది మావిద్వారా బిడ్డకు చేరును, బిడ్డ మెదడునకు హాని చేయవచ్చును. గర్భిణికి ఇంతవఱకు పరవాలేదను కొలత ఏదియు లేదు. ఇతరుల విషయమునను, ఆరోగ్యమునకు నిరపాయమైన పరిమాణము లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో ప్రకటించినది. ఎఱ్ఱవైను గుండెకు మంచిదని పత్రికలలో చదివి భర్తలకు కొనిపెట్టు ఇల్లాండ్రు మన నగరములలో బయలుదేరిరని విందును. వారు ఈ మాటను సైతము చదువుదురు గాక.

మఱునాడు వియ్యపురాలు నన్ను వైన్స్‌బెర్గ్ అను ఊరికి తీసికొనిపోయెను. ద్రాక్షతోటల నడుమ గుట్టమీద పాడుపడిన కోట. 1140లో మూడవ కొన్రాడు రాజు ఆ కోటను ముట్టడించి, లొంగినపిమ్మట, ఆడువారు తమ వీపున మోయగలిగినంత తీసికొని పోవచ్చునని సెలవిచ్చెనట. వారు నగలు, పాత్రలు విడిచి మగలను వీపున వేసికొని దిగివచ్చిరట. పాతచరిత్రలో వ్రాసియున్నది. ఆ కోటకు ఆడువారి విశ్వాసము అను అర్థము వచ్చు పేరు. వియ్యపురాలు మెట్టుమీద కూర్చుండి ఆయాసము తీర్చుకొనుచు, "వదినా" (ఆ పిలుపు నేను నేర్పినది, ఆమె నోట అది సగము జర్మను) "కొందఱిని సగముదారిలో దింపి యుండవలసినది" అనెను. మా అక్క ఇచ్చట నుండవలసినదని నాకు తోచెను. ఆ యూర ద్రాక్షవిద్య నేర్పు పాఠశాల 1868లో పెట్టినది కలదు. అచ్చట 1929లో ట్రొల్లింగరును రీస్లింగు అను తెల్లద్రాక్షతో సంకరము చేసి ఒక క్రొత్త తెల్లజాతిని పుట్టించి, ఆ యూరి వైద్యకవి యుస్టినుస్ కెర్నరు పేర కెర్నరు అని పిలిచిరి. తల్లి నలుపు, బిడ్డ తెలుపు అని వియ్యపురాలు నా కుమార్తె కడుపు వంక చూచి నవ్వెను. వియ్యపురాండ్ర హాస్యమునకు హద్దు లేదు.

2024 వసంతమున ఆడపిల్ల పుట్టెను. పిల్ల పుట్టిన నెలలోనే పెద్దవానకు పైమూడు మెట్ల గోడ పది పండ్రెండు బారల మేర జాఱి క్రింది వరుసలమీద పడినది. రాళ్లు మరల పేర్పించుటకు అయ్యెడి ఖర్చు ఆ మెట్ల పంట పదియేండ్లు అమ్మినను రాదని వియ్యంకుడు లెక్కవేసిరి. పైమెట్లు విడిచివేసి ముండ్లపొదలకు వదలుద మని వారు. తాతలు పేర్చిన రాళ్లని వియ్యపురాలు. అల్లుడు శనివారములు వెళ్ళి చేతనైనన్ని రాళ్లు పేర్చుచున్నాడు. నేర్పువారు ఒక ముసలాయన దొరికిరి. నా కుమార్తె వేఱొక మాట అన్నది: క్రిందిమెట్లు వైనునకు ఉండనిచ్చి, పైమెట్ల పంట అంతయు రసముగా కాచి అమ్మిన నేమి? బండి నడుపువారు, బాలింతలు, పిల్లలు, మావంటివారు, ఇందఱు త్రాగరా? సంఘమువారు రసమునకు వైనువెల ఇయ్యరని మామగారు. ఇంటివద్దనే చీపురు కట్టి అమ్ముదమని కోడలు. నేలమాళిగలో క్రొత్తగా రెండు కాచు పాత్రలకు చోటు కావలెనట. చోటు చూపుట తాళముచెవి చేతనున్నవారి పని. ఆమె ఇంకను అవునని గాని కాదని గాని చెప్పలేదు. ఈ యేటి కత్తిరింపుకు మాత్రము పైమెట్ల తీగలను సైతము కత్తిరించి కట్టించినది.